వదినా అంటే సగం సీన్ అయిపోయినట్టే

ఖాళీ స్టేజీ. ఒకామె గిన్నెలు తోముతున్నట్టు చేతులు ఆడిస్తోంది. ఒకతను వచ్చి, గుమ్మం దగ్గర చెప్పులు విడిచినట్టు చేసి, "అన్నయ్య ఇంకా రాలేదా వదినా?" అన్నాడు.

నాలుగు మాటలు. ఇది ఆమె ఇల్లు. అతను మరిది. అన్నయ్య ఈపాటికి రావలసింది, రాలేదు. ఆ ఆలస్యం గురించి ఇతనికి ఏదో తెలుసు, లేదా ఆమెతో ఒంటరిగా చెప్పాల్సింది ఏదో ఉంది. ఎవరు, ఎక్కడ, ఏం జరుగుతోంది అనే మూడింటినీ మొదటి రెండు మూడు డైలాగుల్లో తేల్చేయమని ఇంప్రవ్ (స్క్రిప్టు లేకుండా అప్పటికప్పుడు అల్లే నాటకం) క్లాసుల్లో చెప్తారు. ఇక్కడ ఒక్క వాక్యంలో తేలిపోయింది, అందులో ఎక్కువ బరువు మోసింది 'వదినా' అన్న పిలుపు. ఇదే సీన్ ఇంగ్లిష్‌లో చేసేవాళ్లు ఆమెను పేరు పెట్టి పిలిచి, ఆమె తనకేమవుతుందో చెప్పడానికి ఇంకో వాక్యం ఖర్చు పెట్టాలి.

హైదరాబాద్‌లో లాంగ్‌ఫామ్ ఇంప్రవ్ నేర్చుకునే గదుల్లో తెలుగు, హిందీ, ఇంగ్లిష్ కలగలిసి వినిపిస్తాయి. నియమాలు మాత్రం ఎక్కువగా షికాగో, న్యూయార్క్ నుంచి వచ్చినవి, ఇంగ్లిష్ నోటికి కొలతలు తీసి కుట్టినవి. కొన్ని మనకి అలాగే సరిపోతాయి. కొన్నింటిని కుట్టు విప్పి మళ్లీ వేసుకోవాలి. క్లాసులో చేరబోయేవాళ్లకీ, చేరి రెండు మూడు వారాలైనవాళ్లకీ ఆ విప్పి కుట్టుకునే పని గురించే ఇక్కడ ఎక్కువ చెప్తున్నాం.

అవధానం చూసినవాళ్లకి హెరాల్డ్ అంత కొత్తేం కాదు

టీవీలో, ఆఫీసు వేడుకల్లో కనిపించే ఇంప్రవ్ చాలావరకు షార్ట్‌ఫామ్. ఒక్కో ఆట మూడు నాలుగు నిమిషాలు, ప్రతి ఆటకీ ముందే చెప్పిన ఓ నియమం, మధ్యలో ఒక యాంకర్. లాంగ్‌ఫామ్‌లో యాంకర్ ఉండరు. ప్రేక్షకుల దగ్గర ఒక్క మాట తీసుకుంటారు. ఆ మాట మీద ఇరవై అయిదు, ముప్ఫై నిమిషాలు ఆపకుండా సీన్లు కట్టుకుంటూ పోతారు. స్క్రిప్టు లేదు, సెట్ లేదు, రెండు కుర్చీలు ఉంటాయి.

ఇందులో అందరూ మొదట నేర్చుకునే పెద్ద రూపం హెరాల్డ్. 1967లో శాన్‌ఫ్రాన్సిస్కోలో 'ద కమిటీ' బృందంతో దర్శకుడు డెల్ క్లోజ్ దీన్ని మొదలుపెట్టాడు. తర్వాత షికాగోలో షార్నా హాల్‌పెర్న్‌తో కలిసి దానికి ఇప్పుడు అందరూ నేర్చుకునే ఆకారం ఇచ్చాడు. పేరుకి అర్థం వెతకకండి, అది సరదాగా పెట్టిన పేరు.

ఆకారం ఇదీ. ఆరు నుంచి ఎనిమిది మంది. ముందు ఒక ఓపెనింగ్, అంటే ప్రేక్షకులిచ్చిన మాటను అందరూ కలిసి చిలకడం. ఆ వెన్నలోంచి మూడు సీన్లు వస్తాయి, ఒకదానితో ఒకదానికి సంబంధం ఉండదు. తర్వాత అందరూ కలిసి ఆడే గ్రూప్ గేమ్. మళ్లీ అవే మూడు సీన్ల రెండో బీట్, అంటే రెండో విడత. మళ్లీ గ్రూప్ గేమ్. ఆఖర్న మూడో బీట్, అక్కడ మూడు దారాలూ ఒకదాన్నొకటి తాకుతాయి. ఇరవై అయిదు నిమిషాల హెరాల్డ్‌కి కాలం పంచుకోవాలంటే ఓపెనింగ్ మూడు నిమిషాలు, మొదటి సీన్లు మూడేసి నిమిషాలు, గ్రూప్ గేములు రెండేసి, రెండో బీట్లు రెండేసి, మూడో బీట్లు ఒక్కోటి ఒక్క నిమిషం. ముందుకెళ్లే కొద్దీ సీన్లు పొట్టిగా అవుతున్నాయని గమనించండి. ఎవరు, ఎక్కడ అన్నవి ప్రేక్షకులకి అప్పటికే తెలుసు, మళ్లీ చెప్పక్కర్లేదు.

ఇది విని తల తిరిగితే ఒకసారి అష్టావధానం గుర్తు తెచ్చుకోండి. అవధాని సమస్య ఇచ్చినాయనకి ఒక పాదం చెప్పి, దత్తపది ఇచ్చినాయన దగ్గరికి వెళ్తాడు, అక్కడ ఒక పాదం, తర్వాత వర్ణన. ఆవృత్తానికో పాదం చొప్పున నాలుగు ఆవృత్తాల్లో పద్యాలు పూర్తవుతాయి, చివర్లో అన్నీ కలిపి ధారణ. హెరాల్డ్ బీట్లూ ఈ ఆవృత్తాల లాంటివే. ఒక దారాన్ని సగంలో వదిలి ఇంకోటి పట్టుకోవడం, మళ్లీ వదిలిన చోటికే రావడం. ఆఖరి బీట్ మన ధారణ. తేడా ఏమిటంటే అవధాని మోసేదంతా ఒక్కడే మోస్తాడు, ఇక్కడ ఎనిమిది మంది కలిసి మోస్తారు. మీరు మర్చిపోయిన పేరు, ఆ సీన్‌లో లేక స్టేజీ వెనక వరసలో నిలబడ్డ మనిషికి గుర్తుంటుంది, అతను తన తర్వాతి ఎంట్రీ గురించి ఆలోచించుకోకుండా సీన్ చూస్తూ ఉంటే. (అప్రస్తుత ప్రసంగం పాత్ర మాత్రం దయచేసి ఎవరూ తీసుకోకండి. చాలా బృందాల్లో ఒకరు అడక్కుండానే తీసేసుకుంటారు.)

ఎంతమంది, ఎంతసేపు

చేరే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఫీజు గురించి కాదు, తలల లెక్క గురించి. మూడు గంటల క్లాసు అనుకోండి. వార్మప్‌కి ఇరవై నిమిషాలు, ఎక్సర్‌సైజులకి నలభై, చాయ్‌కి పది పోతే నూట పది నిమిషాలు మిగులుతాయి. ఇద్దరు చేసే సీన్ నాలుగు నిమిషాలు, దాని మీద టీచర్ నోట్సు, అంటే నోటితో చెప్పే సవరణలు, మూడు నిమిషాలు, మొత్తం ఏడు. ప్రతి ఒక్కరికీ రెండు సీన్లు దక్కాలంటే ఎంతమంది ఉంటే అన్ని సీన్లు జరగాలి. పన్నెండు మంది ఉంటే 84 నిమిషాలు, హాయిగా సరిపోతుంది. పదహారు మంది అయితే 112, అంచు మీద నడుస్తుంది. ఇరవై మంది ఉన్నారంటే 140 నిమిషాలు కావాలి, అవి లేవు. అంటే ఆ క్లాసులో మీరు కొన్ని వారాలు ఒక్కసారే స్టేజీ ఎక్కుతారు, మిగతా సేపు చూస్తారు. చూడటం కూడా నేర్చుకోవడమే అంటారు కానీ, ఈత గట్టు మీద రాదు.

చాయ్ గురించి ఒక మాట. ఇరానీ హోటల్‌కి నడిచి వెళ్తే పది నిమిషాల విరామం అరగంట అవుతుంది. ఫ్లాస్కులో తెప్పించుకోండి.

గదికి పెద్ద హంగులు అక్కర్లేదు. ఇరవై అడుగుల పొడవు, అంతే వెడల్పు, చేతుల్లేని గట్టి కుర్చీలు రెండు. పలచటి ప్లాస్టిక్ కుర్చీ మీద ఎవరో ఒకరు ఎక్కి నిలబడతారు, కాలు విరిగేది అక్కడే. చెప్పులతో సీన్ చేయకండి, జారతాయి. బూట్లు లేదా ఉత్త కాళ్లు. మోకాళ్ల మీద కూర్చోగలిగే బట్టలు వేసుకోండి. డాబా మీద ప్రాక్టీసు చౌక, కానీ గాలికి, హారన్లకి గొంతులు పెరుగుతాయి. అరుస్తూ మాట్లాడితే ప్రతి సీనూ గొడవ సీనే అవుతుంది. పనిరోజు సాయంత్రం ఏడింటి క్లాసుకి హైటెక్ సిటీ నుంచి వచ్చేవాళ్లు ఏడున్నరకి గానీ చేరరు, వార్మప్ వాళ్లకి దక్కదు. ఆదివారం పొద్దున పెట్టుకున్న బ్యాచ్‌లు ఎక్కువ కాలం నిలబడటానికి కారణం ఇంతే.

వార్మప్ పోతే ఏం పోయింది అనుకుంటారు. గుండ్రంగా నిలబడి ఒకరి మీదకొకరు మాటలు విసురుకునే జిప్-జ్యాప్-జాప్ లాంటి ఆటలు చిన్నపిల్లల ఆటల్లా ఉంటాయి, నిజానికి వాటి మూలాల్లో కొన్ని వయోలా స్పోలిన్ షికాగోలో వలస కుటుంబాల పిల్లల కోసం తయారుచేసిన ఆటలే. తప్పు చేసిన వాళ్లని ఔట్ చేయడం మొదలుపెడితే ఆట ప్రయోజనం పోతుంది. తప్పు జరగ్గానే అందరూ చప్పట్లు కొట్టి మళ్లీ మొదలుపెట్టాలి. తప్పుకి ఒళ్లు బిగుసుకోకుండా అలవాటు చేయడమే దాని పని.

తెలుగులో బాగా పండే వార్మప్ మైండ్ మెల్డ్. ఇద్దరు ఒకేసారి చెరో మాట అంటారు. ఒకరు 'గాజులు', ఇంకొకరు 'ఐస్‌క్రీమ్'. ఈ రెంటికీ మధ్యన ఏముందో ఇంకో ఇద్దరు మళ్లీ ఒకేసారి చెప్పాలి. ఒకరు 'లాడ్ బజార్', ఒకరు 'మొజంజాహీ మార్కెట్'. తర్వాతి ఇద్దరూ ఒకే గొంతుతో 'పార్కింగ్' అంటారు, ఆట అయిపోతుంది. ఇక్కడ గొప్ప మాట వెతికేవాళ్లు ఎప్పటికీ కలవరు. ఎదుటివాళ్లకి ఏం తోచి ఉంటుందో అది చెప్పేవాళ్లే కలుస్తారు.

అవును మరి

ఇంప్రవ్ గురించి ఏమీ తెలియనివాళ్లు కూడా విన్న నియమం, ఒప్పుకో, ఆపై చేర్చు. ఇంగ్లిష్‌లో రెండు చిన్న మాటలు, 'యెస్, అండ్'. క్లాసుల్లో దీన్ని తెలుగులో 'అవును, ఇంకా...' అని ఆడిస్తారు. అలా ఏ తెలుగు మనిషీ మాట్లాడడు, అందుకే ఆ ఎక్సర్‌సైజు అద్దె బట్టల్లా వేలాడుతుంది. కొందరు 'సరే' అంటారు, అది ఇంకా ప్రమాదం. మన దగ్గర 'సరే' అంటే మాట ముగిసిందని. "సరే, ఉంటాను" అని ఫోన్ పెట్టేయడానికి వాడే మాట అది. 'అవును మరి' వాడి చూడండి. 'మరి' అన్నాక ఆగడం కష్టం, నోరు దానంతటదే తర్వాతి సంగతి వెతుక్కుంటుంది. "పెళ్లికొచ్చినవాళ్లంతా వెళ్లిపోయారు." "అవును మరి, వంటవాళ్లు కూడా వెళ్లిపోయారు, అంట్లు మనిద్దరివే."

ఒప్పుకోవడం అంటే పాత్ర ఒప్పుకోవడం కాదు. కూతురు అప్పు అడిగితే తండ్రి ఇవ్వనని కచ్చితంగా చెప్పొచ్చు. ఆమె కూతురని, అప్పు అడిగిందని, కారణం అదేనని ఒప్పుకుంటే చాలు. "నువ్వెవరు? నాకు కూతుళ్లే లేరు" అన్నప్పుడు కొంప మునుగుతుంది. నవ్వు వస్తుంది, అదే దాని మాయ. ఆ నవ్వుకి వెల, మీ ఎదుట నిలబడ్డ మనిషి కట్టిన ఇల్లు.

ఇక ప్రశ్నలు వేయొద్దు అనే నియమం. దీన్ని తెలుగులో కుట్టు విప్పాల్సిందే. ప్రశ్న వేస్తే కల్పించే భారం ఎదుటివాళ్ల మీద పడుతుందని ఆ నియమం. "ఏం చేస్తున్నావ్?" అంటే నిజంగానే పడుతుంది. కానీ తెలుగులో సగం సమాచారం ప్రశ్న రూపంలోనే నడుస్తుంది. "ఆ చీర మళ్లీ కట్టావేంటి?" ప్రశ్నే. అందులో చీర ఉంది, దానికో చరిత్ర ఉంది, కట్టకూడని కారణం ఉంది, అడిగే హక్కున్న మనిషి ఉంది. కాబట్టి ప్రశ్న మానక్కర్లేదు, ఖాళీ ప్రశ్న మానాలి. టీచర్ ప్రశ్న వినగానే గంట కొట్టే రకం అయితే ఈ తేడా అడిగి తేల్చుకోండి.

పిలుపు, నువ్వు, మీరు

పిలుపుతో సగం సీన్ అయిపోతుందని చెప్పాం, హైదరాబాద్‌లో ఒక మినహాయింపు ఉంది. ఇక్కడ 'అన్నా' అంటే ఎవరైనా కావచ్చు. ఆటో అన్న, జిరాక్స్ అన్న, జిమ్ అన్న, టీమ్ లీడ్ అన్న. 'మామా' అంటే స్నేహితుడో, మేనమామో, పిల్లనిచ్చిన మామో చెప్పలేం. అందుకని ఈ రెండు పిలుపులతో మొదలుపెడితే వెంటనే ఇంకో మేకు కొట్టాలి. "అన్నా, మీటర్ వేయ్" అంటే ఆటో. "అన్నా, అమ్మ తినట్లేదు" అంటే సొంత అన్న. దీనికి విరుద్ధంగా 'వదినా', 'వియ్యపురాలుగారూ', 'చిన్నత్తా', 'పెదనాన్నా' లాంటివి మేకు అక్కర్లేని పిలుపులు. బాబాయి అంటారా, కాక అంటారా, చిన్నాయన అంటారా అన్నదానితో ఊరు కూడా తెలిసిపోతుంది. మీ ఇంట్లో అనేదే అనండి.

ఇంప్రవ్ గురువు కీత్ జాన్‌స్టన్ స్టేటస్ అనే పాఠం చెప్పాడు. ఏ ఇద్దరి మధ్యనైనా ఒకరు కాస్త పైన, ఒకరు కాస్త కింద ఉంటారనీ, ఆ ఎత్తు మారుతున్నప్పుడే చూసేవాళ్లకి ఆసక్తి అనీ. ఇంగ్లిష్‌వాళ్లు దీన్ని నిలబడే తీరుతో, చూపుతో, నిదానంతో నేర్చుకుంటారు. మనకి అవి కాక క్రియ చివర్లోనే మీట ఉంది. ఎప్పుడూ 'నువ్వు' అనే భార్య భర్తని "మీరు భోంచేశారా?" అని అడిగిందంటే ఇంట్లో పిడుగు పడబోతోంది. 'సార్' అంటున్న కుర్రాడు సీన్ మధ్యలో ఒక్కసారి 'ఏం పెద్దాయనా' అంటే గదిలో గాలి మారుతుంది.

దీనికో ఎక్సర్‌సైజు. ఇద్దరు, నాలుగు నిమిషాలు, ఒకరు మీరు ఇంకొకరు నువ్వు అనుకుంటూ మొదలుపెట్టాలి. చివరికి వచ్చేసరికి అవి తిరగబడాలి, ఎక్కడ తిరగబడ్డాయో చూసేవాళ్లు పట్టుకోగలగాలి. మొదటిసారి చేసేవాళ్లు ఎప్పుడూ ఒకే తప్పు చేస్తారు. రహస్యం బయటపెట్టి ఒక్క దెబ్బకి తిప్పేస్తారు. మూడు మెట్లుగా దిగమని చెప్పాలి. 'మీరు చెప్పండి', తర్వాత పిలుపే లేని వాక్యాలు, ఆ తర్వాత 'చెప్పు'. మధ్యలోని ఆ పిలుపు లేని ఒక నిమిషం దగ్గరే నవ్వంతా.

గేమ్ అంటే ఏమిటి

సీన్‌లో మామూలు ప్రపంచం కట్టాక మొదటి వింత ఒకటి తలెత్తుతుంది. ఆ వింత మళ్లీ మళ్లీ, పెరుగుతూ రావడమే గేమ్. 1990లలో షికాగో నుంచి న్యూయార్క్ వెళ్లిన అప్‌రైట్ సిటిజెన్స్ బ్రిగేడ్ అనే బృందం ఈ పద్ధతికి పేరు పడింది. ఒక ఉదాహరణ నడిపిద్దాం.

దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దె ఇల్లు. ఓనరు తలుపు తట్టాడు. అద్దె కోసం వచ్చాడనుకుంటాం. అతను చేతులు నలుపుకుంటూ, "మీకేం ఇబ్బంది లేదంటే... మా డాబా ఎక్కొచ్చా అండీ?" అన్నాడు. అదే వింత. సొంత ఇంటికి అనుమతి అడుగుతున్నాడు. ఇక్కడ అద్దెకున్న పాత్ర చేసేవాళ్ల పని ఇంకో వింత తేవడం కాదు, మామూలు మనిషిలా ఉండి ఈ వింతకి పేరు పెట్టడం. "అది మీ డాబానే కదండీ." పేరు పెట్టగానే అందరికీ, వెనక వరసకి కూడా, ఆట ఏమిటో తెలుస్తుంది. తర్వాత అడగాల్సింది ఒకటే. ఇది నిజమైతే ఇంకేం నిజం? తన ఇంటి గేటు తెరిచే ముందు హారన్ కొట్టడు. కరెంటు బిల్లు తన పేరు మీద వచ్చినందుకు క్షమాపణ చెప్తాడు. దీనంతటికీ అతని వైపు నుంచి ఒక కారణం కూడా ఉండాలి, లేకపోతే పిచ్చివాడవుతాడు. "మీరు అద్దె కడుతున్నారు, నేను కట్టట్లేదు కదండీ" అంటే చాలు, అతని లెక్క అతనికి ఉంది.

రెండో బీట్‌లో కొత్తవాళ్లు చేసేది ఇదే కథ కొనసాగించడం, అంటే మర్నాడు మళ్లీ అదే ఇంటికి రావడం. దానివల్ల ఆట పెరగదు, సాగుతుంది. రెండు దారులున్నాయి. ఒకటి, అదే మనిషి కొత్త చోట. కూతురి పెళ్లి భోజనాల దగ్గర లైన్‌లో ఆఖర్న నిలబడి, క్యాటరింగ్ కుర్రాడిని "నాకు కూడా ఆకు వేస్తారా?" అంటున్నాడు. రెండోది, మనుషులు వేరు, ఆట అదే. గుళ్లో దేవుడు పూజారిని పిలిచి, "పులిహోర కాస్త ఏమైనా మిగిలిందా అండీ?" అని మొహమాటపడుతున్నాడు. రెండో దారి కష్టం, పండితే మాత్రం హాలు లేచి కూర్చుంటుంది. మూడో బీట్‌లో ఆ పులిహోర ఓనరు డాబా మీదకి వస్తే ఎవరికీ ఆశ్చర్యం ఉండకూడదు.

మూడో బీట్‌లో జరిగే ప్రమాదం వేరు. అందరికీ కలపాలనే ఆత్రం. ఎనిమిది మందీ ఒకేసారి స్టేజీ మీదకి వచ్చి తలా ఒక పాత మాట గుర్తుచేస్తారు, పెళ్లి గ్రూప్ ఫొటోలా ఉంటుంది. ఒక్క కలయిక చాలు. మిగతావి కలవకపోయినా ఎవరూ డబ్బులు వాపసు అడగరు.

ఓపెనింగ్ గురించి కొంచెం. ప్రేక్షకులు 'ఆవకాయ' అన్నారు. మామిడికాయలు కోసే సీన్ చేస్తే మాట వృథా. ఆవకాయ నుంచి జాడీ, జాడీ నుంచి తడి చెయ్యి పెట్టొద్దన్న అమ్మమ్మ, అక్కడి నుంచి ఎవరూ ముట్టుకోకూడని వస్తువు. సీన్ ఆఫీసులో పదేళ్లుగా ఎవరూ తెరవని ఫైలు మీద మొదలవ్వొచ్చు. ఒకటో మాట నుంచి మూడో మాటకి దూకడం అంటారు దీన్ని. ఎనిమిది వారాల కోర్సు చివరి షోకి పూర్తి హెరాల్డ్ కంటే అర్మాండో అనే రూపం మేలని మా అభిప్రాయం. ఒకరు ముందుకొచ్చి ప్రేక్షకుల మాట మీద నిజంగా జరిగిన సంగతి ఒకటి రెండు నిమిషాలు చెప్తారు, దాన్నుంచి మిగతావాళ్లు సీన్లు తీస్తారు. కబుర్లు చెప్పడం మనకి కొత్తగా నేర్పాల్సిన పని కాదు.

మొహమాటం: ఎడిట్‌కి శత్రువు

ఎడిట్ అంటే సీన్ ఆపడం. ఎక్కడ ఆపాలో సీన్ చేస్తున్నవాళ్లు నిర్ణయించరు, వెనక వరసలో ఉన్నవాళ్లు నిర్ణయిస్తారు. స్వీప్ ఎడిట్ అంటే ఆ వరసలోంచి ఒకరు స్టేజీ ముందు భాగంలో ఒక చివర నుంచి ఇంకో చివరకి పరుగులాంటి నడకతో దాటడం. ముందు నుంచి దాటాలి, వెనక నుంచి దాటితే సీన్‌లో ఉన్నవాళ్లకి కనపడదు. చేయి ఊపనక్కర్లేదు, తల దించుకోకూడదు, సగం దాటి ఆగకూడదు. దాటినవాళ్లే తర్వాతి సీన్ మొదలుపెట్టడానికి సిద్ధంగా ఉండాలి, లేదా వెంటనే ఇంకొకరు వచ్చి ఆదుకోవాలి.

మన క్లాసుల్లో ఎడిట్లు ఎప్పుడూ ఆలస్యమే. కారణం బద్ధకం కాదు. ఇద్దరు మాట్లాడుకుంటుంటే మధ్యలో అడ్డం వెళ్లడం తప్పని పెరిగినవాళ్లం, అందులో ఒకరు వయసులో పెద్దవారైతే ఇక కాళ్లు కదలవు. ఫలితం ఏమిటంటే మంచి నవ్వు పడ్డాక కూడా ఇద్దరూ ఇంకో నిమిషం మాటల కోసం తడుముకుంటారు. మొదటి రోజే అందరూ ఒకరికొకరు చెప్పుకోండి, ఆపడం మర్యాద అని. తర్వాత ఈ డ్రిల్ చేయండి. పది సీన్లు, ఒక్కోటి నలభై సెకన్లు దాటకూడదు, మొదటి నవ్వు వినగానే ఎవరో ఒకరు దాటాలి. తొందరగా ఆపిన సీన్ రెండో బీట్‌లో మళ్లీ వస్తుంది. ఆలస్యంగా ఆపినది రావాలని ఎవరూ కోరుకోరు.

ట్యాగ్ వేరు. వెళ్లాల్సిన మనిషి భుజం తడతారు, అతను తప్పుకుంటాడు, మిగిలిన పాత్ర అలాగే ఉంటుంది, వచ్చినవాళ్లు కొత్త చోటు తెస్తారు. ఆ ఓనరు దగ్గరికి అతని బ్యాంకు మేనేజర్‌గానో, భార్యగానో రావడం ఇలాంటిదే. తరచూ జరిగే పొరపాటు, ఉంచాల్సిన పాత్రనే తట్టి పంపేయడం. వాకాన్ అంటే వచ్చి ఒక్క మాట అని వెళ్లిపోవడం. వెళ్లిపోవడమే అందులో కష్టమైన భాగం.

ఏవి చెడగొడతాయి

పంచ్ డైలాగ్. సినిమా డైలాగు, హీరో గొంతు, టీవీ స్కిట్‌లో విన్న ప్రాస. మొదటి రెండు వారాలు వీటికే పెద్ద నవ్వులు వస్తాయి, అందుకే వదలడం కష్టం. పంచ్ తలుపు వేసేస్తుంది, దాని మీద ఎదుటివాళ్లు కట్టడానికి ఏమీ మిగలదు. మిమిక్రీ బాగా వచ్చినవాళ్లకి ఒక నెలపాటు సొంత గొంతుతోనే చేయమని టీచర్ చెప్తే కోపం తెచ్చుకోకండి.

యాసని నవ్వుకి వాడటం ఇంకోటి. శ్రీకాకుళం, సీమ, తెలంగాణ, ఏదైనా సరే, మాట్లాడే తీరే జోకు అయితే సీన్‌లో మనిషి ఉండడు. మరోవైపు టీవీ యాంకర్ తెలుగులో పాత్రలు చేసేవాళ్లు కట్టెల్లా బిగుసుకుంటారు. ఇంట్లో మాట్లాడేది మాట్లాడితే రెండు రోగాలూ తగ్గుతాయి. భాష కలపడానికి కూడా ఇదే కొలత. దఖ్నీ (హైదరాబాదీ ఉర్దూ) మాట్లాడే ఓనరూ తెలుగు మాట్లాడే కిరాయిదారూ హైదరాబాద్‌లో నిజం, కాబట్టి స్టేజీ మీద కూడా నిజమే. ఇంటి వంటగదిలో వదినా మరుదులు ఉన్నట్టుండి ఇంగ్లిష్‌లోకి జారితే అది భయం, పాత్ర కాదు.

బేరం సీన్లు. సుల్తాన్ బజార్‌లో చీర కొనడం ఊహించగానే నవ్వొస్తుంది, చేస్తే ఒకే అంకె మీద ఇద్దరూ చెరో వైపు లాగుతూ ఉంటారు. అపరిచితులు కావడమే ఇబ్బంది. అమ్మేవాడు కొనే ఆమె చిన్నప్పటి క్లాస్‌మేట్ అనుకోండి, ధర సంగతి దానంతటదే వెనక్కి పోతుంది. క్యూలు, ఇంటర్వ్యూలు, నేర్పే సీన్లు, వీటన్నిటికీ ఇదే మందు.

ఆడవాళ్లని ప్రతి సీన్‌లో భార్యనో తల్లినో చేసేయడం. మగవాళ్లు ఎక్కువున్న బ్యాచ్‌లో ఇది మొదటి వారమే కనిపిస్తుంది, చాలాసార్లు చేసేవాళ్లకి తెలియకుండానే. ముందు నోరు తెరిచి పాత్ర పెట్టేసుకోవడం ఒక ఉపాయం, "ఎస్సైగారు లోపలున్నారా అని అడక్కు, నేనే ఎస్సైని." కానీ దీన్ని సరిదిద్దే బాధ్యత ఆమెది కాదు, టీచర్‌ది. తాకడం గురించి కూడా మొదటి క్లాసులోనే మాట్లాడుకోవాలి. అడక్కుండా ముట్టుకోవద్దు, కొట్టే సీన్ దూరం నుంచే, ఎవరైనా 'ఆపండి' అంటే పాత్రలన్నీ ఆగిపోవాలి, కారణం అక్కడే చెప్పక్కర్లేదు. ఇవి చెప్పని క్లాసులో రెండో నెల ఫీజు కట్టకండి.

వస్తువులు గాల్లో కలిసిపోవడం చిన్న తప్పు, కానీ అందరూ చూస్తారు. చాయ్ కప్పు పట్టుకున్న చేతితోనే నమస్కారం పెడతారు, కప్పు ఏమైందో తెలియదు. కప్పు కింద పెట్టాకే చెయ్యి ఖాళీ. ఇంట్లో నిజమైన పెనం మీద నిజమైన దోసె పోసి, వెంటనే పెనం లేకుండా అదే చేసి చూడండి. గరిటె పట్టు ఎంత వెడల్పు, చెయ్యి ఎన్ని చుట్లు తిరిగింది, నూనె ఎక్కడ ఉంది. ఈ మూడూ తెలిసిన చేతిని ప్రేక్షకులు నమ్ముతారు.

నోట్సు తీసుకోవడం ఒక విద్య. టీచర్ "ఆమె నీ అక్క అని చెప్పింది, నువ్వు వినలేదు" అంటే, ఎందుకు వినలేదో వివరించడం మొదలుపెడతాం. వివరణకి రెండు నిమిషాలు పడుతుంది, అది ఇంకొకరి సీన్‌లోంచి పోయిన కాలం. తల ఊపి, చిన్న పుస్తకంలో ఒక్క వాక్యం రాసుకుని, తర్వాతి సీన్‌లో ఆ ఒక్కటే సరిచేసుకోండి. తోటి విద్యార్థులకి మాత్రం మీరు నోట్సు ఇవ్వకండి, ఎంత మంచి మనసుతో అయినా.

కోర్సు అయిపోయాక అసలు నేర్చుకోవడం ప్రాక్టీసు గ్రూపులో జరుగుతుంది. ఎనిమిది మంది, వారానికి రెండు గంటలు, బయట కూర్చుని చూసే కోచ్ ఒకరు. కోచ్ లేకుండా మీలో మీరే నోట్సు ఇచ్చుకుంటే మూడో వారానికి వాట్సాప్ గ్రూప్ చల్లబడుతుంది. బంజారాహిల్స్‌లో లామకాన్ లాంటి చోట్ల నాటకాలు, కథలు చెప్పే కార్యక్రమాలు చూస్తూ ఉండండి, మనుషులు వింటున్నప్పుడు మొహం ఎలా ఉంటుందో అక్కడ కనిపిస్తుంది. ఎనిమిది మందిలో ఏ వారమైనా ఇద్దరు రారు. ఆరుగురితో హెరాల్డ్ నడుస్తుంది. నలుగురే వస్తే ఇంటికి వెళ్లిపోకండి, మోనోసీన్ చేయండి. ఒకే చోటు, ఇరవై నిమిషాలు, ఎడిట్లు లేవు. ఇమ్లీబన్ బస్టాండులో రాని బస్సు కోసం నలుగురు, వాళ్లలో ఇద్దరు తోడల్లుళ్లు.